సెలవు దినాల కులం

సంక్రాంతికి రెండు రోజుల ముందు నుంచే ప్రగతి నగర్ ఖాళీ కావడం మొదలవుతుంది. జేఎన్‌టీయూ దగ్గర, నిజాంపేట క్రాస్ రోడ్డులో, మియాపూర్‌లో ట్రావెల్స్ బస్సుల కోసం కుటుంబాలు సామాన్లతో నిలబడతాయి. విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరుతాయి. నగరం పల్లెబాట పట్టిందని పత్రికలు ఏటా రాస్తాయి. ఆ నాలుగు రోజులూ కులం ఊసెత్తడం అపశకునంలా కనిపిస్తుంది. కానీ చదువుకున్న తెలుగు సమాజంలో కులం ఎక్కడ బతుకుతోందో తెలుసుకోవాలంటే పరిశీలించవలసింది ఆ నాలుగు రోజులనే.

ఐటీ కారిడార్‌లో కులం లేదని వాదించేవారు ఎప్పుడూ పనిదినాల సాక్ష్యాన్నే చూపిస్తారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ వాదన వింటూనే ఉన్నాం. మెడలో గుర్తింపు కార్డు, ఎదురుగా తెర, క్యాంటీన్‌లో ఒకే వరుస. ఇందులో కొంత నిజం ఉంది. ఊళ్లో కలిసి తినని కులాల పిల్లలు ఇక్కడ ఒకే బల్ల దగ్గర తింటున్నారు. అయితే ‘కంచం పొత్తు, మంచం పొత్తు’ అని మన పెద్దలు రెండింటినీ విడదీసి చెప్పారు. పనిదినం ఇచ్చింది కంచం పొత్తు మాత్రమే. రెండో పొత్తు సంగతి తేలేది సెలవు రోజున, సొంత ఇంట్లో, కుటుంబం నడుమ. కనుక ప్రగతి నగర్ ఎంత ప్రగతి సాధించిందో కొలవడానికి సోమవారం కన్నా ఆదివారమే సరైన రోజు.

ఊరంటే ఎవరి ఊరు?

‘పండక్కి ఊరెళుతున్నారా?’ అన్నది అపార్ట్‌మెంట్ లిఫ్టులో వినిపించే మామూలు పలకరింపు. ఆ ప్రశ్నలోని ‘ఊరు’ అందరిదీ ఒకటి కాదు. ప్రభుత్వ రికార్డుల్లో ఊరంటే గ్రామం మొత్తం. వాడుకలో మాత్రం ఊరు వేరు, వాడ వేరు. ‘ఊళ్లోకి వెళ్లొస్తాను’ అని మాలవాడలోని మనిషి అన్నప్పుడు, తాను ఊరికి వెలుపల ఉన్న సంగతిని ఆ మాటే చెబుతుంది. తెలంగాణలో మాలవాడ, మాదిగవాడ, కోస్తాలో మాలపల్లె, మాదిగగూడెం అని పేర్లు మారతాయి కానీ ఏర్పాటు మారదు. ప్రగతి నగర్‌లో ఒకే అంతస్తులో ఉంటూ, ఒకే ప్రాజెక్టులో పనిచేసే ఇద్దరు ఇంజనీర్లు ఒకే బస్సులో ప్రయాణించి ఒకే స్టాపులో దిగుతారు. అక్కడి నుంచి ఒకరు ఊళ్లోకి, మరొకరు వాడలోకి నడుస్తారు. మూడు రోజుల పాటు వారిద్దరూ ఒకరింటికి ఒకరు వెళ్లరు. తిరుగు ప్రయాణంలో మళ్లీ స్నేహితులవుతారు.

గ్రామాన్ని స్వర్గంగా వర్ణించేవారికి అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలోనే సమాధానమిచ్చారు. రాజ్యాంగానికి గ్రామం కాక వ్యక్తి ప్రాతిపదిక కావాలని ఆయన పట్టుబట్టింది ఈ ఊరు–వాడ విభజన ఎరిగినవాడు కనుకనే. దళిత కుటుంబాల నుంచి వచ్చిన తొలితరం ఉద్యోగులకు పండగ సెలవు మీద ప్రేమ లేక కాదు. అమ్మ చేతి అరిసెలు వారికీ ఇష్టమే. కనుమనాడు కాకైనా కదలదన్న సామెత వారింట్లోనూ వినిపిస్తుంది. కానీ నగరంలో పేరుతో పిలిపించుకునే మనిషిని ఊరు ‘ఫలానా వాడి కొడుకు’ అని ఏకవచనంలో పిలుస్తుంది. ఆ పిలుపులో ఉన్నది ఆప్యాయతో అధికారమో వినేవారికి తెలుస్తుంది.

నాలుగు రోజుల అతిథి, నాలుగు నెలల నివాసి

2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ రావడంతో ఈ తేడా మరింత స్పష్టమైంది. హాస్టళ్లు మూతపడ్డాయి. కూకట్‌పల్లి నుంచి నిజాంపేట దాకా అద్దె గదుల్లో ఉండే యువ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సొంతూళ్లకు చేరారు. పండగ సెలవు వంటి రాక కొందరికి ఏడాదికి పైగా నివాసమైంది. పండక్కి వచ్చిన కొడుకును ఊరు అతిథిగా చూస్తుంది. స్థిరపడటానికి వచ్చినవాడిని మళ్లీ కులంగా చూస్తుంది. నాలుగు రోజులైతే సర్దుకుపోవచ్చు. నెలల తరబడి ఉన్నవాడికి వీధి కుళాయి, టీ కొట్టు, గుడి మెట్లు, శ్మశానం దారి, పంచాయతీ సమావేశం అన్నీ ఎదురవుతాయి.

అక్కడే మరో తేడా కూడా బయటపడింది. ఇంట్లో ప్రత్యేకంగా గది, వెనక పెరడు, ఊరి బయట పొలం ఉన్న కుటుంబాలకు ఇంటినుంచి పని ఒక విశ్రాంతి. రెండు గదుల కాలనీ ఇంట్లో ముగ్గురు నలుగురి మధ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటింగుల్లో మాట్లాడినవారికి అది మరో పరీక్ష. తిరిగి రావడం అంటే దేనికి తిరిగి రావడం అన్న ప్రశ్న భావోద్వేగానిది కాదు, ఆస్తిది. 2011 జనగణనలో దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015–16 వ్యవసాయ గణనలో సాగు కమతాల విస్తీర్ణంలో వారి వాటా 9 శాతం కూడా లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన కులసర్వే ఈ రాష్ట్రంలో ఎస్సీల వాటా 17.43 శాతమని తేల్చింది. ఊరికి తిరిగి వెళ్లి సేంద్రియ వ్యవసాయం చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల కథలు మన ఆదివారం అనుబంధాల నిండా ఉంటాయి. తిరిగి వెళ్లినా సాగు చేయడానికి సెంటు భూమి లేనివారి కథ ఆ పేజీల్లోకి ఎందుకు రాదో ఈ అంకెలే చెబుతాయి.

‘ఇంటిపేరేమిటండీ?’

ఊరికి వెళ్లలేనివారు ఊరినే నగరానికి తెచ్చుకుంటున్నారు. అమెరికా నుంచో బెంగళూరు నుంచో తిరిగి వచ్చి, తల్లిదండ్రులను తమ దగ్గర ఉంచుకోవాలనుకునేవారికి ప్రగతి నగర్ అనువైన చోటు. ఆఫీసులకు, కళాశాలలకు దగ్గర. 2019లో నిజాంపేట, బాచుపల్లి పంచాయతీలతో కలిపి నగరపాలక సంస్థగా మార్చే వరకు ఇది గ్రామ పంచాయతీయే. కానీ పంచాయతీ పోయినంత సులువుగా ఊరి ప్రశ్న పోలేదు. ‘టు లెట్’ బోర్డు చూసి ఫోన్ చేసినవారిని జీతం కన్నా ముందు ఇంటిపేరు అడిగే యజమానులు ఇంకా ఉన్నారు. కొందరు ‘మీరేమిట్లు?’ అని నేరుగానే అడుగుతారు. మొహమాటం ఉన్నవారు ‘మేం వెజిటేరియన్లకే ఇస్తామండీ’ అంటారు. తిండి పేరుతో అడిగినా, ఇంటిపేరుతో అడిగినా ఆ ప్రశ్న వెతుకుతున్నది కులాన్నే.

విదేశాల నుంచి తిరిగివచ్చినవాడికి ఇల్లు దొరకకపోవడం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో, ఇంగ్లండులో చదివి 1917లో బరోడా సంస్థానం కొలువులో చేరడానికి వచ్చిన అంబేడ్కర్‌కు ఆ నగరంలో తల దాచుకునే చోటు లేకపోయింది. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని ఉండవలసి వచ్చింది. కొద్దిరోజులకే కర్రలు పట్టుకుని వచ్చిన మూక ఆయనను అక్కడి నుంచి వెళ్లగొట్టింది. సాయంత్రం రైలు వేళ దాకా ఆయన ఒక ఉద్యానవనంలో గడిపారు. విదేశాల్లో గడిపిన కాలం తాను అంటరానివాడినన్న స్పృహనే తుడిచివేసిందని, స్వదేశానికి రాగానే అది మళ్లీ ఎదురైందని ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు. శంషాబాద్‌లో దిగి, ప్రగతి నగర్‌లో ఇల్లు వెతుక్కునే దళిత ఇంజనీర్ చేతిలో ఇప్పుడు కర్రలు చూపి బెదిరించేవారు ఉండకపోవచ్చు. ‘ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చివెళ్లారండీ’ అన్న మర్యాదైన అబద్ధం ఉంటుంది.

ఇది ఒకరిద్దరు యజమానుల దురభిప్రాయం కాదు. హైదరాబాద్ సహా దేశంలోని ఏడు మహానగరాల వార్డులను 2001 జనగణన ఆధారంగా పరిశీలించిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. ఆర్థిక స్థాయిని బట్టి కన్నా కులాన్ని బట్టే ఈ నగరాల్లో నివాసాలు ఎక్కువగా విడిపోయి ఉన్నాయని అది చూపింది. ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడానికి, కొనుక్కోవడానికి, అందులో నివసించడానికి అస్పృశ్యత పేరుతో అడ్డుపడటం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నేరం. ఆ చట్టం వచ్చి డెబ్బై ఏళ్లు. అద్దె ఇంటి దగ్గర జరిగే ఈ నేరం పోలీస్ స్టేషన్ దాకా వెళ్లడం మాత్రం చాలా అరుదు.

ఆదివారం తోటల్లో

సెలవు రోజు కులం ఎంత బాహాటంగా ఉంటుందో చూడాలంటే కార్తీక మాసంలో నగర శివార్లకు వెళ్లాలి. ఉసిరిచెట్టు కింద అందరూ కలిసి తినే ఆచారంగా చెప్పుకునే వనభోజనం ఇప్పుడు ‘మనవాళ్ల’ వనభోజనంగా మారింది. ఆహ్వానం మీదే కులం పేరు ఉంటుంది. వేదిక మీద ఆ కులపు ప్రజాప్రతినిధులు, వ్యాపారులు. ఒక మూల వివాహ పరిచయ వేదిక, మరో మూల పిల్లలకు ఆటల పోటీలు. వారమంతా ఇంటర్నేషనల్ స్కూల్లో చదివే పిల్లవాడు, ఈ నగరంలో ‘మనం’ అంటే ఎవరో ఆ ఆదివారం నేర్చుకుంటాడు. ఫ్లాట్ ఎవరి వెంచర్‌లో కొనాలి, ఉద్యోగానికి ఎవరి చేత సిఫార్సు చేయించుకోవాలి, కొత్త కంపెనీకి పెట్టుబడి ఎవరిస్తారు అన్నవి అక్కడ కుదిరే పరిచయాలే. సోమవారం ఆఫీసులో ప్రతిభగా కనిపించేదాంట్లో కొంత భాగం ఆదివారం తోటలో సమకూరిన పెట్టుబడి.

ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి కుటుంబాలతో కలిసేవారిదీ కులసభే కదా అని ఎదురు ప్రశ్న వేసేవారున్నారు. తేడా తలుపు దగ్గర ఉంది. జయంతి సభకు రావడానికి ఎవరూ ఎవరి కులమూ అడగరు. అక్కడ కూడేవారు కులం పోవాలని కోరుకుంటారు. వనభోజనాల్లో కూడేవారు కులం ఉండాలని కోరుకుంటారు. అయితే దళిత సంఘాలూ తమను తాము ప్రశ్నించుకోవలసింది ఉంది. మాల, మాదిగ కుటుంబాల మధ్య కంచం పొత్తు ఎంత, మంచం పొత్తు ఎంత? ఈ ప్రశ్న అడగకుండా ఇతరుల వనభోజనాలను విమర్శిస్తే ఆ విమర్శకు బలం ఉండదు.

సెలవు కూడా కులాన్ని బట్టే పంచబడుతుంది. యజమానులు ఊళ్లకు వెళ్లినప్పుడు అపార్ట్‌మెంట్‌కు కాపలా ఉండేది సెల్లార్ పక్కన ఒంటిగదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం. పండగ మర్నాడు రోడ్ల మీద పేరుకునే చెత్త ఎత్తేది పారిశుధ్య కార్మికులు. వారిలో అత్యధికులు ఏ కులాల వారో వేరే చెప్పనక్కర్లేదు. వారికీ ఊరుంది, ఎదురుచూసే తల్లి ఉంది. పనివాళ్లకు వేరే లిఫ్టు, వేరే గ్లాసు పెట్టే భవనాల్లో ఉంటూ ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి అనాగరికమని మాట్లాడటం మనకు మనం చెప్పుకునే అబద్ధం.

తిరిగి వెళ్లలేని ఇల్లు

సొంతింటికి తిరిగి వెళ్లడమన్నది అందరికీ ఉన్న హక్కేనా? ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 17న దాడి జరిగింది. తాగునీటి చెరువును మురికి చేయవద్దన్న మాట నుంచి మొదలైన ఘర్షణ ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. మిగిలినవారు చీరాల చేరారు. తిరిగి ఆ ఊరికి వెళ్లబోమని, వేరే చోట ఇళ్లు కావాలని వారు పట్టుబట్టి సాధించుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు చేసి 2007లో శిక్షలు విధించినా, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ‘పండక్కి ఊరెళ్లలేదా?’ అన్న ప్రశ్న ఆ వాడల నుంచి చెదిరిపోయిన కుటుంబాలకు ఎలా వినిపిస్తుందో ఒక్కసారి ఆలోచించాలి.

అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఐటీ కారిడార్ నడుమ, గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరిలో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. వారు ఆవరణలోనే గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. చుట్టూ ఉన్న కంపెనీల ఉద్యోగులు సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన రోజుల్లో ఆ గుడారం అక్కడే ఉంది. కనుమ మర్నాడు, జనవరి 17 ఆదివారం నాడు, రోహిత్ వేముల చనిపోయాడు. సాంఘిక బహిష్కరణను స్పష్టంగా నేరంగా చేర్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్ట సవరణ ఆ నెల 26 నుంచే అమలులోకి వచ్చింది. వెలివాడ ఊరి చివర ఉండే పాత వస్తువు కాదని, ప్రపంచ స్థాయి నగరమని మనం చెప్పుకునేచోట కూడా దాన్ని కొత్తగా కట్టగలరని ఆ పండగ వారం రుజువు చేసింది.

పెళ్లి మాట వచ్చినప్పుడు

కుటుంబంతో గడిపే సెలవుల్లో అసలు పరీక్ష పెళ్లి మాట దగ్గర వస్తుంది. మ్యాట్రిమోనీ సైట్ల ఫొటోలు ఫోన్లలో చేతులు మారేది, పెళ్లిచూపులు కుదిరేది ఈ సెలవుల్లోనే. ‘మాకు కులం పట్టింపు లేదు, కానీ బంధువులు...’ అన్న వాక్యం ఎన్ని వేల ఇళ్లలో సగంలో ఆగుతుందో లెక్క లేదు. 2011–12 నాటి భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు దాదాపు 5 శాతమే. చదువు, జీతం, విదేశీ నివాసం ఈ అంకెను పెంచుతాయని ఆశించినవారికి నిరాశే మిగిలింది.

ఆ మాట దాటినవారికి సొంతూరే ప్రమాదస్థలం అవుతోంది. హైదరాబాద్‌లో పెళ్లి చేసుకుని మిర్యాలగూడకు తిరిగి వెళ్లి, అక్కడే సంసారం పెట్టిన ప్రణయ్‌ను 2018 సెప్టెంబర్ 14న ఆసుపత్రి ముందు గర్భవతి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. 2025 మార్చిలో న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, మరో ఆరుగురికి జీవితఖైదు విధించింది. హయత్‌నగర్ స్టేషన్‌లో పనిచేసే ఒక మహిళా కానిస్టేబుల్ కులాంతర వివాహం చేసుకున్న కొద్ది వారాలకే, ఆదివారం సెలవుకు సొంతూరు వెళ్లింది. 2024 డిసెంబర్ 2 సోమవారం ఉదయం, డ్యూటీకి తిరిగి వస్తుండగా ఇబ్రహీంపట్నం దగ్గర దారి కాచిన సొంత తమ్ముడి చేతిలో హతమైంది. పెళ్లి ఒక్కటే కాదు, భూమిలో వాటా వివాదం కూడా ఈ హత్య వెనుక ఉన్నదని అప్పట్లోనే వెల్లడైంది. ఆ రెండింటినీ వేరు చేసి చూడలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం కూతుళ్లకు ఆస్తిలో సమాన హక్కు ఇచ్చి నాలుగు దశాబ్దాలవుతోంది. ఆడపిల్ల పెళ్లిని కులం అదుపులో ఉంచితేనే భూమి కులం అదుపులో ఉంటుంది. చట్టాన్ని కాపాడే యూనిఫాం వేసుకున్న మనిషికే సెలవు రోజు పుట్టింటికి వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చే భరోసా లేదంటే, మిగిలిన ఆడపిల్లల సంగతి చెప్పనవసరం లేదు.

చేయవలసినవి

పరువు హత్యల నివారణకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగాలు, రక్షణ గృహాలు ఉండాలని సుప్రీంకోర్టు 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో ఆదేశించింది. ప్రణయ్ హత్యకు దాదాపు ఆరు నెలల ముందు మాట ఇది. ఆ రక్షణ గృహాలు ఎక్కడున్నాయో, వాటిని సంప్రదించే నంబరు ఏమిటో ప్రతి కళాశాల నోటీసు బోర్డు మీద ఉండాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు గోడకెక్కే కాలమే జంటలకు అత్యంత ప్రమాదకరమైన కాలం. ఆ నెల రోజుల రక్షణ బాధ్యత ప్రభుత్వానిదే కావాలి.

ప్రతి నెలా 30వ తేదీని పౌరహక్కుల దినంగా పాటించాలని ఇప్పటికే ఆదేశాలున్నాయి. తహసీల్దార్లు, పోలీసు అధికారులు ఆ రోజున గ్రామాలకు వెళతారు. ఆ కార్యక్రమాన్ని ప్రగతి నగర్ వంటి కాలనీలకూ తీసుకురావాలి. అపార్ట్‌మెంట్ సంఘాలను పిలిచి, అద్దెకు వచ్చినవారి కులం అడగడం, పనివాళ్లకు వేరే గ్లాసు పెట్టడం చట్టం దృష్టిలో ఏమవుతాయో చెప్పాలి. ‘ఈ భవనంలో అద్దెకు కులం, మతం అడగరాదు’ అన్న ఒక్క వాక్యాన్ని తమ నిబంధనల్లో చేర్చడానికి ఏ సంఘానికీ ఖర్చేమీ కాదు. వాచ్‌మన్‌కు, పారిశుధ్య కార్మికులకు పండగ సెలవు వంతులవారీగా ఇవ్వడానికి కావలసింది నిధులు కాదు, ఇష్టం.

ప్రభుత్వం చేయలేని పని ఒకటి మిగిలి ఉంది. భోజనాల దగ్గర తాతయ్య ఒక కులాన్ని తక్కువ చేసి మాట్లాడినప్పుడు, మేనత్త ‘మనవాళ్ల సంబంధమేనా?’ అని అడిగినప్పుడు, పండగ పూట గొడవెందుకని చదువుకున్న పిల్లలు తలవంచుకుని తినేస్తారు. విశ్వవిద్యాలయంలో కుల నిర్మూలన మీద ఉపన్యసించే విద్యార్థి నాయకులూ అందుకు మినహాయింపు కాదు. సభలో మాట్లాడటం సులువు. అక్కడ వినేవారిలో ఎక్కువమంది ముందే ఒప్పుకున్నవారు. మనల్ని ప్రేమించేవారి ఎదుట, వారు వడ్డించిన అన్నం ముందు కూర్చుని, ‘నాన్నా, ఆ మాట తప్పు’ అనడం కష్టం. మన ఊరివాడే, మన ప్రాజెక్టులోనే పనిచేసే స్నేహితుడిని వాడ నుంచి ఇంటికి పిలిచి, నట్టింట్లో అందరితో పాటు భోజనానికి కూర్చోబెట్టడం ఇంకా కష్టం. సెలవుకు ఇంటికి వెళ్లేవారు చేయవలసిన రాజకీయం అదే.